లేజర్ కోతతో విద్యార్థుల పెట్టె: రూపకల్పన, నమూనా తయారీ

పాఠశాల ప్రయోగశాలలో విద్యార్థులు తామే రూపొందించి, తామే తయారుచేసి ఇంటికి తీసుకువెళ్లగల వస్తువులలో మూతలేని చిన్న పెట్టె మొదటి వరుసలో నిలుస్తుంది. అడుగు పలక ఒకటి, పక్క పలకలు నాలుగు, మొత్తం ఐదు. సుద్దముక్కలు పెట్టుకోవడానికో, పెన్నులు వేసుకోవడానికో, విద్యుత్ సర్క్యూట్ అమర్చుకోవడానికో అది ఉపయోగపడుతుంది. చూడటానికి సులువుగా ఉన్నప్పటికీ, కాగితంపై గీసిన కొలతకూ చేతిలోకి వచ్చిన వస్తువుకూ మధ్య గల తేడాను విద్యార్థి మొదటిసారిగా ఎదుర్కొనేది ఇక్కడే. అందువల్లనే డిజిటల్ తయారీ బోధించే సంస్థలు అనేకం తొలి అభ్యాసంగా పెట్టెనే ఎంచుకుంటున్నాయి.

నేపథ్యం

కంప్యూటర్ నియంత్రణలో పనిచేసే తయారీ యంత్రాలను సామాన్యులకు అందుబాటులోకి తేవాలన్న ఆలోచనకు అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ఊపిరి పోసింది. అక్కడి ఆచార్యుడు నీల్ గెర్షెన్‌ఫెల్డ్ 1998లో దాదాపు ఏ వస్తువునైనా తయారుచేసే విధానాన్ని బోధించే కోర్సును ప్రారంభించారు. దాని నుండి ఫ్యాబ్ ల్యాబ్‌ల వ్యవస్థ రూపుదిద్దుకుంది. ఆ సంస్థ ప్రాంగణం వెలుపల తొలి ఫ్యాబ్ ల్యాబ్ ఏ పారిశ్రామిక నగరంలోనో కాక, 2002లో మహారాష్ట్రలోని పుణె సమీపాన పాబల్ గ్రామంలో గల విజ్ఞాన్ ఆశ్రమంలో ఏర్పడటం గమనార్హం. డాక్టర్ ఎస్.ఎస్. కల్బాగ్ 1983లో స్థాపించిన ఈ ఆశ్రమం గ్రామీణ విద్యార్థులకు పనిద్వారా విద్య నేర్పే సంస్థ.

కేంద్ర ప్రభుత్వం నీతి ఆయోగ్ ఆధ్వర్యంలో 2016లో అటల్ ఇన్నోవేషన్ మిషన్‌ను చేపట్టింది. ఇందులో భాగంగా దేశవ్యాప్తంగా 10,000 పాఠశాలల్లో అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు ఏర్పాటయ్యాయి. ఒక్కొక్క ల్యాబ్‌కు రూ. 20 లక్షల వరకు గ్రాంటు లభించేలా పథకాన్ని రూపొందించారు. వచ్చే ఐదేళ్లలో ప్రభుత్వ పాఠశాలల్లో మరో 50,000 ల్యాబ్‌లు నెలకొల్పనున్నట్లు 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. హైదరాబాద్ రాయదుర్గంలో తెలంగాణ ప్రభుత్వం నెలకొల్పిన నమూనాల తయారీ కేంద్రం టీ-వర్క్స్ 2023 మార్చిలో ప్రారంభమైంది. 2020 నాటి జాతీయ విద్యా విధానం 6 నుండి 8 తరగతుల విద్యార్థులకు పుస్తకాల సంచి లేని పది రోజులను సూచిస్తూ, ఆ రోజుల్లో స్థానిక వడ్రంగులు, కుమ్మరులు, కళాకారుల వద్ద పని నేర్చుకోవాలని పేర్కొన్నది. వడ్రంగి పలకలు అతికే తీరును ముందు చూసి వచ్చిన విద్యార్థికి లేజర్ పెట్టె సగం అర్థమైనట్లే.

యంత్రం పనిచేసే తీరు

పాఠశాలల్లోనూ, పట్టణాల్లోని నేమ్‌ప్లేట్ల దుకాణాల్లోనూ కనిపించే లేజర్ కోత యంత్రాలు చాలావరకు కార్బన్ డయాక్సైడ్ లేజర్ రకానికి చెందినవి. ఈ లేజర్‌ను 1964లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో కనుగొన్నది భారత సంతతి శాస్త్రవేత్త చంద్రకుమార్ పటేల్. ఆయన 1938లో మహారాష్ట్రలోని బారామతిలో జన్మించి, పుణెలో ఇంజనీరింగ్ పట్టా పొందారు. ఈ లేజర్ కిరణపు తరంగదైర్ఘ్యం 10.6 మైక్రోమీటర్లు. అది కంటికి కనిపించని పరారుణ కాంతి. కలప, అట్ట, యాక్రిలిక్ వంటి పదార్థాలు దానిని బాగా పీల్చుకుంటాయి. కటకం ద్వారా కిరణాన్ని అతి చిన్న బిందువుపై కేంద్రీకరించినప్పుడు ఆ చోట పదార్థం ఆవిరై లేదా కాలిపోయి కోత ఏర్పడుతుంది. కోత పక్కనే గాలిని ఊదే గొట్టం పొగను, మంటను అదుపులో ఉంచుతుంది.

త్రీడీ ప్రింటర్‌పై గంటల కొద్దీ సమయం తీసుకునే పెట్టె లేజర్ యంత్రంపై కొద్ది నిమిషాల్లో తయారవుతుంది. నలభై మంది విద్యార్థులున్న తరగతిలో ఈ తేడా చిన్నది కాదు. తప్పు జరిగితే అదే పీరియడ్‌లో సరిదిద్దుకుని మళ్లీ కోయవచ్చు. అయితే లేజర్ యంత్రం చదునైన పలకలను మాత్రమే కోయగలదు. కాబట్టి మూడు కొలతలు గల వస్తువును ఐదు బల్లపరుపు ముక్కలుగా విడదీసి ఊహించే పనిని విద్యార్థి తన బుర్రతో చేయవలసి ఉంటుంది. అసలు పాఠం ఇదే.

కొలతలతో మొదలు

ఉదాహరణకు వెలుపలి కొలతలు 120, 80, 60 మి.మీ. గల పెట్టెను తీసుకుందాం. పలక మందం 3 మి.మీ. అడుగు పలక 120×80, పొడవు పక్కలు రెండు 120×60, పొట్టి పక్కలు రెండు 80×60. విద్యార్థులు తరచుగా చేసే మొదటి పొరపాటు ఇక్కడే కనిపిస్తుంది. పెట్టె లోపల లభించే స్థలం 120×80×60 కాదు. రెండు పక్కల మందం పోగా పొడవు 114, వెడల్పు 74 మి.మీ. మిగులుతుంది. మూత లేనందున ఎత్తులో ఒక్క మందమే తగ్గి 57 మి.మీ. అవుతుంది. 118 మి.మీ. పొడవు గల వస్తువును అందులో పెట్టాలనుకున్న విద్యార్థికి ఈ లెక్క ముందే తెలియకపోతే పెట్టె మొత్తం వృథా అవుతుంది.

పలకలను అంచుల వెంట పళ్లు, గాళ్లుగా కోసి ఒకదానిలో ఒకటి ఇమిడేలా చేస్తారు. రెండు చేతుల వేళ్లను ఒకదానిలో ఒకటి దూర్చినట్లుగా ఇది ఉంటుంది. ప్రతి అంచును బేసి సంఖ్యలో సమభాగాలు చేయడం ఉత్తమం. ఐదు భాగాలు చేస్తే 120 మి.మీ. అంచుపై ఒక్కొక్క భాగం 24 మి.మీ., 80 అంచుపై 16 మి.మీ., 60 అంచుపై 12 మి.మీ. వస్తుంది. ఒక పలకకు 1, 3, 5 భాగాలు పళ్లుగా ఉంటే, దానితో కలిసే పలకకు 2, 4 భాగాలు పళ్లు అవుతాయి. బేసి సంఖ్య వల్ల అంచు రెండు కొసలూ ఒకే విధంగా ఉంటాయి. పలకను తిప్పి పెట్టినా సరిపోతుంది.

మూల సంగతి కొంత చిక్కైనది. పెట్టె అడుగున ప్రతి మూలలో మూడు పలకలు కలుస్తాయి. అక్కడ 3×3×3 మి.మీ. ఘనపు చోటు ఏదో ఒక్క పలకకు మాత్రమే చెందాలి. రెండు పలకలు దానిని కోరుకుంటే పెట్టె మూసుకోదు. ఏ పలకా కోరుకోకపోతే మూలలో చిల్లు మిగులుతుంది. అడుగు పలక తన నాలుగు అంచులపై 1, 3, 5 పళ్లను ఉంచుకుంటే మూలలు నాలుగూ దానివే అవుతాయి. పక్క పలకలు ఆ మేరకు కింద గాడి వదలాలి. ఈ విషయాన్ని నల్లబల్లపై ఎంత వివరించినా చాలామందికి బోధపడదు. అట్ట ముక్కలు చేతికిస్తే ఐదు నిమిషాల్లో అర్థమవుతుంది.

కొలతలు నింపితే పళ్లతో సహా పెట్టె చిత్రాన్ని గీసి ఇచ్చే ఉచిత సాఫ్ట్‌వేర్‌లు ఉన్నాయి. ఫ్లోరియన్ ఫెస్టి రూపొందించిన బాక్సెస్ డాట్ పై వీటిలో ప్రసిద్ధమైనది. వీటిని వాడటంలో తప్పు లేదు. కాని మొదటి పెట్టెను ఇంక్‌స్కేప్ వంటి ఉచిత చిత్రలేఖన సాఫ్ట్‌వేర్‌లో విద్యార్థి స్వయంగా గీయడం, రెండో పెట్టెకు ఆ సాధనాలను వాడటం మేలైన వరుస. మొదటే యంత్రం గీసిన చిత్రాన్ని చేతికిస్తే, పెట్టె ఎందుకు బిగియలేదో చెప్పగలవారు తరగతిలో ఒక్కరూ ఉండరు.

అట్ట నమూనా

లేజర్ యంత్రం దగ్గరకు వెళ్లే ముందు అట్టతో నమూనా చేయడాన్ని తప్పనిసరి చేయాలి. పైన పేర్కొన్న ఐదు పలకలను రెండు వరుసలుగా పేర్చితే అన్నీ ఒక్క ఏ4 కాగితంలో ఇమిడిపోతాయి. పై వరుసలో 120×80, 120×60 పలకలు, కింది వరుసలో 120×60 పలకతో పాటు రెండు 80×60 పలకలు పెట్టాలి. పలకల మధ్య 3 మి.మీ. ఖాళీ వదిలినా కింది వరుస పొడవు 286 మి.మీ. మాత్రమే. ఏ4 కాగితం పొడవు 297 మి.మీ. అచ్చు తీసిన కాగితాన్ని 3 మి.మీ. మందం గల అట్టపై అతికించి, కత్తితో కోసి కూర్చితే మూలల్లోని తప్పులన్నీ దాదాపు ఉచితంగా బయటపడతాయి.

అచ్చు తీసేటప్పుడు ప్రింటర్ కాగితానికి సరిపడేలా చిత్రాన్ని కుదించే అవకాశం ఉంది. ఆ ఎంపికను తొలగించి నూరు శాతం కొలతతో అచ్చు తీయాలి. చిత్రం మూలలో సరిగ్గా 100 మి.మీ. గీతను గీసి, అచ్చయిన తర్వాత స్కేలుతో కొలిస్తే అనుమానం తీరుతుంది. ఇదే గీత లేజర్ యంత్రం వద్ద కూడా పనికివస్తుంది. 2017లో వెలువడిన 0.92 వెర్షన్‌కు ముందు ఇంక్‌స్కేప్ అంగుళానికి 90 బిందువుల లెక్కను పాటించేది. ఆ తర్వాత 96 బిందువుల లెక్కకు మారింది. పాత ఫైలును కొత్త సాఫ్ట్‌వేర్‌లో తెరిచినప్పుడు కొలతల ప్రమాణం స్పష్టంగా లేకపోతే 120 మి.మీ. పలక 112.5 మి.మీ.కు కుదించుకుపోవచ్చు. డి.ఎక్స్.ఎఫ్. ఫైళ్లలో మి.మీ.లకు బదులు అంగుళాలుగా చదివితే తేడా ఏకంగా 25.4 రెట్లు. ఇంత పెద్ద తప్పు వెంటనే కనిపిస్తుంది కనుక దానితో ముప్పు తక్కువ. చిన్న తేడాయే మోసం చేస్తుంది.

కిరణం తినివేసే మేర

రంపం కోసేటప్పుడు కొంత చెక్క పొట్టుగా పోయినట్లే, లేజర్ కిరణం కూడా తన దారిలోని పదార్థాన్ని కొంత తినివేస్తుంది. ఈ కోత వెడల్పును కెర్ఫ్ అంటారు. 3 మి.మీ. పలకల్లో ఇది సాధారణంగా 0.1 నుండి 0.3 మి.మీ. వరకు ఉంటుంది. యంత్రాన్ని బట్టి, పదార్థాన్ని బట్టి, కటకం శుభ్రతను బట్టి ఇది మారుతుంది. కనుక పుస్తకంలో చూసి రాసుకోవడం కంటే కొలిచి తెలుసుకోవడమే సరైన మార్గం.

కొలిచే పద్ధతి తొమ్మిదో తరగతి విద్యార్థికి సులువుగా అందుతుంది. పలక మధ్యలో 100 మి.మీ. పొడవు గల దీర్ఘచతురస్రాన్ని గీసి, దానిని 10 మి.మీ. వెడల్పు గల పది ముక్కలుగా కోయాలి. రెండు కొసల గీతలు, లోపలి తొమ్మిది గీతలు కలిపి 11 అడ్డకోతలు. ముక్కలన్నిటినీ ఒక వైపుకు నెట్టితే రెండో వైపు ఏర్పడే సందు 11 కోతల వెడల్పుకు సమానం. ఆ సందు వెర్నియర్ కాలిపర్‌తో 1.98 మి.మీ. వచ్చిందనుకుంటే ఒక కోత వెడల్పు 0.18 మి.మీ. ఒక్క కోతను నేరుగా కొలవడం కష్టం. పదకొండింటిని కలిపి కొలిచి భాగించడం వల్ల పొరపాటు కూడా పదకొండో వంతుకు తగ్గుతుంది. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో కాగితపు మందం కనుగొనే పద్ధతి ఇదే.

ఇప్పుడు ఈ విలువ పెట్టెను ఏం చేస్తుందో చూడాలి. 24 మి.మీ.గా గీసిన పన్ను రెండు వైపులా సగం సగం పోయి 23.82 మి.మీ. అవుతుంది. 24 మి.మీ.గా గీసిన గాడి 24.18 మి.మీ.కు పెరుగుతుంది. రెండింటి మధ్య 0.36 మి.మీ. వదులు ఏర్పడుతుంది. వెంట్రుక మందానికి కొన్ని రెట్లయిన ఈ వదులు చాలు, పెట్టె చేతిలోనే విడిపోవడానికి. ప్రతి పలక గీతను వెలుపలి వైపుకు కోత వెడల్పులో సగం, అంటే 0.09 మి.మీ. జరిపితే పన్ను, గాడి సరిగ్గా 24 మి.మీ. వస్తాయి. ప్లైవుడ్, ఎం.డి.ఎఫ్. పలకలు కొద్దిగా నొక్కుకుంటాయి కనుక వాటిని బిగువుగానే ఉంచవచ్చు. యాక్రిలిక్ నొక్కుకోదు. సుత్తితో తడితే పళ్ల మొదట్లో చిట్లిపోతుంది. దానికి కొంత వదులు ఉంచి అతికించడమే మేలు.

మందం విషయంలోనూ దుకాణదారు మాటను ప్రమాణంగా తీసుకోరాదు. 3 మి.మీ. పేరుతో అమ్మే పలక 2.7 ఉండవచ్చు, 3.3 కూడా ఉండవచ్చు. 3.3 మి.మీ. పలకకు 3 మి.మీ. పళ్లు గీస్తే పన్ను కొస లోపలికి 0.3 మి.మీ. లోతున ఆగిపోతుంది. పెట్టె మధ్యలో అడ్డుపలక దూర్చేందుకు 3 మి.మీ. చీలిక గీసి ఉంటే అందులో అసలు పలకే దిగదు. ఒకే పలకను నాలుగు చోట్ల కొలిచి, ఆ తర్వాతే చిత్రంలో మందం విలువను నింపాలి.

కోతకు ముందు, కోత సమయంలో

చిత్రంలో ఒకే గీత రెండుసార్లు గీయబడి ఉంటే యంత్రం అక్కడ రెండుసార్లు కోసి అంచును మాడుస్తుంది. పేరు చెక్కడం ముందు, లోపలి రంధ్రాలు తర్వాత, వెలుపలి అంచు చివర అనే వరుసను పాటించాలి. వెలుపలి అంచు ముందే తెగితే ముక్క కదిలి మిగిలిన గీతలు తప్పుతాయి. వేగం, శక్తి విలువలను పలక అంచున చిన్న చతురస్రాలు కోసి నిర్ధారించుకోవాలి. ప్లైవుడ్‌లోని ముడుల వద్ద, జిగురు గడ్డకట్టిన చోట కిరణం ఆవలి వైపుకు చేరదు. అటువంటి ముక్కను బలవంతంగా ఊడదీయకుండా అదే స్థానంలో మరోసారి కోయాలి.

యంత్రం నడుస్తుండగా ఒక్క నిమిషం కూడా దానిని విడిచి వెళ్లరాదు. సన్నని కలప, ముఖ్యంగా అట్ట, చిన్న మంటతో మొదలై యంత్రం మొత్తానికి అంటుకోగలదు. కార్బన్ డయాక్సైడ్ రకం అగ్నిమాపక సిలిండర్ చేతికందే దూరంలో ఉండాలి. మూత తెరవగానే కిరణం ఆగిపోయే ఏర్పాటు పనిచేస్తున్నదీ లేనిదీ ప్రతి దినం తరగతికి ముందు పరీక్షించాలి. పొగను వెలుపలికి పంపే ఫ్యాను లేని గదిలో యంత్రాన్ని నడపరాదు. ఎం.డి.ఎఫ్.లోని జిగురు కాలినప్పుడు ఫార్మాల్డిహైడ్ వెలువడుతుంది.

కోయకూడని పదార్థాలు

అన్నిటికంటే ముఖ్యమైన నిషేధం పి.వి.సి.కి వర్తిస్తుంది. ఈ ప్లాస్టిక్‌లో క్లోరిన్ ఉంటుంది. లేజర్ వేడికి అది హైడ్రోజన్ క్లోరైడ్ వాయువుగా వెలువడి, తేమతో కలిసి హైడ్రోక్లోరిక్ ఆమ్లంగా మారుతుంది. పిల్లల ఊపిరితిత్తులకు అది హానికరం. యంత్రంలోని కటకాలు, ఇనుప పట్టాలు కూడా తుప్పుపట్టి పాడవుతాయి. మన ఊళ్లలో సమస్య ఏమిటంటే, పాఠశాలకు సులువుగా, ఒక్కోసారి ఉచితంగా దొరికే పదార్థాలు ఇవే. పాత ఫ్లెక్సీ బ్యానర్లు, బోర్డులకు వాడే ఫోమ్ షీట్లు, రెగ్జిన్, వాహనాలపై అతికించే స్టిక్కర్ షీట్లలో చాలావరకు పి.వి.సి.తో చేసినవే. ఉత్సాహంగా విద్యార్థి తెచ్చిన ముక్కను ఉపాధ్యాయుడు గుర్తించలేకపోవచ్చు.

అనుమానం ఉన్నప్పుడు రసాయనశాస్త్ర ఉపాధ్యాయుడు రాగి తీగ పరీక్ష చేయవచ్చు. తీగను ఎర్రగా కాల్చి, ప్లాస్టిక్ ముక్కకు తాకించి, తిరిగి మంటలో ఉంచితే పచ్చని జ్వాల కనిపించిన పక్షంలో అందులో క్లోరిన్ వంటి హాలోజన్ ఉన్నట్లే. గాలి బాగా ఆడే చోట, చిటికెడు ముక్కతో, పెద్దలే ఈ పరీక్ష చేయాలి. పరీక్షించే వీలు లేకపోతే ఆ పదార్థాన్ని కోయకుండా ఉండటమే నియమం. పాలీకార్బనేట్ కూడా తగదు. అది కోతకు లొంగక నల్లబడి మంటలు రేపుతుంది. యాక్రిలిక్‌లాగే పారదర్శకంగా ఉండటం వల్ల ఈ రెండింటినీ పొరబడే అవకాశం ఎక్కువ. కొనుగోలు రశీదుపై పదార్థం పేరు రాయించుకోవడం మంచిది.

యంత్రం లేని పాఠశాలలు

ప్రతి పాఠశాలకూ లేజర్ యంత్రం అవసరం లేదు. రూపకల్పన, కొలత, అట్ట నమూనా పాఠశాలలోనే పూర్తిచేసి, చివరి కోతను సమీప ఇంజనీరింగ్ కళాశాలలోనో, పాలిటెక్నిక్‌లోనో, నేమ్‌ప్లేట్లు కోసే దుకాణంలోనో చేయించవచ్చు. దుకాణానికి వెళ్లేటప్పుడు ఫైలుతో పాటు అసలు కొలతలు రాసిన కాగితం ఉండాలి. కోత వెడల్పు పరీక్ష ముక్కను ఆ దుకాణం యంత్రంపైనే, అదే పలకపై కోయించి, ఆ విలువతో చిత్రాన్ని సరిచేసుకున్న తర్వాతే పెట్టెలన్నీ కోయించాలి. ఒక యంత్రంపై సరిపోయిన ఫైలు మరో యంత్రంపై సరిపోతుందన్న హామీ లేదు.

యంత్రం కొనదలచిన పాఠశాలలు, జిల్లా అధికారులు ధర ఒక్కటే చూడటం తగదు. తక్కువ ధరకు లభించే నీలికాంతి డయోడ్ లేజర్ యంత్రాలు అనేకం పెట్టె లేకుండా తెరిచి ఉంటాయి. చెదిరిన కాంతి సైతం కంటికి శాశ్వత హాని చేయగలదు. ఇవి పారదర్శక యాక్రిలిక్‌ను కోయనూ లేవు, ఎందుకంటే ఆ కాంతి దానిగుండా దూసుకుపోతుంది. పూర్తిగా మూసి ఉండే యంత్రాన్నే ఎంచుకోవాలి. కార్బన్ డయాక్సైడ్ లేజర్ గాజు గొట్టాన్ని నిరంతరం నీటితో చల్లబరచవలసి ఉంటుంది. బకెట్ నీరు, చిన్న పంపుతో సరిపెట్టుకునే ఏర్పాటు మన వేసవిలో నిలవదు. నీరు వేడెక్కిన కొద్దీ కిరణం బలహీనపడి, గొట్టం ఆయువు తగ్గుతుంది. శీతలీకరణ యూనిట్, పొగ గొట్టం, కొంతకాలానికి మార్చవలసిన లేజర్ గొట్టం, కటకాల ఖర్చును మొదటి అంచనాలోనే చేర్చాలి. కోత మధ్యలో విద్యుత్ సరఫరా ఆగితే చాలా యంత్రాలు ఆగిన చోటును గుర్తుంచుకోవు. ఆ పలకను కదల్చకుండా ఉంచి, కరెంటు వచ్చాక మూలస్థానం నుండి మళ్లీ మొదలుపెట్టవలసి ఉంటుంది.